బడి తర్వాత బస్సు ఎక్కడికి వెళ్తుంది

నవంబరు నెలాఖరుకి మా దీవిలో పొద్దు పొడవడం మానేస్తుంది.
మళ్లీ జనవరి సగమయ్యాకే.
నార్వే ఉత్తరపు కొసన, ఆ ఏడు వారాలూ
నేను హెడ్‌లైట్ల వెనకే బతుకుతాను.
ఇరవై రెండేళ్లుగా అదే బడి బస్సు, అవే పదకొండు స్టాపులు.

మొదటి స్టాపు చేపల ఫ్యాక్టరీ గేటు.
అక్కడ ఎక్కేవాడు ఒక్కడే, డొమాంతస్.
లిథువేనియా నుంచి వచ్చిన వాళ్లమ్మ
రాత్రి షిఫ్టులో కాడ్ చేపలు కోసేది.
వాడి కోటుకి మెరుపు పట్టీలు, ఎవరో పెద్దవాళ్ల సైజు.
చీకట్లో ముందు పట్టీలు కనబడేవి, తర్వాత వాడు.
"రాగ్నీ" అని పేరు పెట్టి పలకరించేవాడు.
మిగతా ముప్పైమందికి నేను డ్రైవర్ని.

మూడో స్టాపులో శ్యూర్, వాడి వెంట ఇద్దరు.
ఎక్కుతూనే ముక్కు మూసుకునేవాళ్లు.
అంతే. ఒక్క మాట ఉండేది కాదు.
ఆవలింత పాకినట్టు అది వెనక సీట్ల దాకా పాకేది.
ఆరేళ్ల పాప కూడా మూసుకుంది ఒకరోజు,
ఎందుకో తెలీకుండానే.

నా తల పైన అద్దం, మూరెడు వెడల్పు.
అందులో వాడి టోపీ చేతులు మారడం చూశాను.
వాడి సంచీలోంచి చేప తోక బయటపడటం చూశాను.
దాన్ని వాడు రుమాల్లో చుట్టి
దిగేదాకా ఒళ్లో పెట్టుకున్నాడు,
ఎవరో మర్చిపోయిన వస్తువులా, తిరిగి ఇచ్చేయాలన్నట్టు.
అదీ చూశాను.
చూసి, రోడ్డు వైపు చూశాను.
మంచు మీద బస్సు నడిపేవాళ్లకి
రోడ్డు ఎప్పుడూ మంచి సాకు.

పిల్లల ఆటలే అనుకున్నాను.
జేబులో ఫోను గుయ్యిమన్నప్పుడల్లా
వాడి భుజాలు చెవుల దాకా లేచేవి.
చలికి కాబోలనుకుని
హీటరు పెంచాను.

ఒక గురువారం అందరూ దిగిపోయాక అడిగాడు:
"బడి తర్వాత ఈ బస్సు ఎక్కడికి వెళ్తుంది?"
"షెడ్డుకి. పడుకోడానికి."
"నేనూ రావచ్చా?"
నవ్వాను.
భలే అడిగావురా అన్నాను.
వాడూ నవ్వాడు, తలుపు దాకా.

ఫిబ్రవరిలో, పొద్దు తిరిగొచ్చి మూడు వారాలయ్యాక,
ఫ్యాక్టరీ గేటు దగ్గర పట్టీలు మెరవలేదు.
రెండు నిమిషాలు ఆగాను. హారన్ కొట్టాను.
టైము ప్రకారం బయల్దేరాను.
మధ్యాహ్నానికి దీవంతా తెలిసింది.
వాడికి పద్నాలుగేళ్లు.

బళ్లో మీటింగు పెట్టారు. పేపరు కప్పుల్లో కాఫీ.
"ముందుగా ఎవరికైనా ఏమైనా కనిపించిందా?"
అడిగింది హెడ్‌మిస్ట్రెస్.
అందరూ ఎవరి కప్పులోకి వాళ్లు చూసుకున్నారు.
చివరి కుర్చీలో వాళ్లమ్మ
రెండు చేతులూ తొడల కింద దాచుకుని కూర్చుంది.
వాసన వస్తుందని కాబోలు.
నేను లేచాను.
కనిపించింది, అన్నాను. రోజూ. మూరెడు అద్దంలో.
నా గొంతు నాకే హారన్‌లా వినిపించింది.

ఇలాంటి చావుకి కారణం ఇదొక్కటే అని ఎవరూ చెప్పలేరని
ఊళ్లోంచి వచ్చిన సైకాలజిస్టు మెల్లగా అన్నాడు.
నిజమే కావచ్చు.
ఒక్క దారికే పదకొండు స్టాపులుంటాయి.
వాటిలో ఏ ఒక్కచోటా
వాడి కోసం నేను బ్రేకు వేయలేదు.

ఇప్పుడు నా వెనక సీట్లో శ్యూర్ కూర్చుంటున్నాడు.
వాడు కూర్చున్న సీట్లోనే.
శ్యూర్ ఎక్కుతుంటే ఎవరూ ముక్కు మూసుకోరు,
కిటికీల వైపు తిరుగుతారు.
నిన్న వెనకనుంచి ఎవరో ఓ మాట అన్నారు, చిన్నగా.
హంతకుడు అని.
ఒకరు నవ్వారు. ఆ నవ్వు పాకడం మొదలైంది.

బస్సు పక్కకి తీశాను.
ఇంజను ఆపాను. హీటరూ ఆగింది.
లేచి వెనక్కి తిరిగాను,
ఇరవై రెండేళ్లలో మొదటిసారి అద్దం లేకుండా.
ముప్పై ముఖాలు.
పేర్లు నాలుగైదుకి మించి తెలీవు.
ముందు వరుస నుంచి ఒక్కొక్కరినీ
నీ పేరేంటని అడగడం మొదలుపెట్టాను.

బడికి నలభై నిమిషాలు ఆలస్యంగా చేరాం.