వెర్లిన్ లెక్క

హోటల్ బిల్లు వెనకవైపు
వెర్లిన్ లెక్క రాస్తోంది.
పదహారేళ్లుగా పరాయివాళ్ల సెలవులకి
దుప్పట్లు మార్చిన చెయ్యి.

కారియాకూ దీవికి ఫెర్రీ, ముగ్గురికీ రానూపోనూ.
"జెరెల్‌కి సగం టికెట్టే,
మోకాళ్లు వంచి నిలబడతాడులే."
ఒక రాత్రికి గది. వేయించిన చేప.
ఐస్‌క్రీం కొట్టేసింది, మళ్లీ రాసింది.

ఎండకెంత వేశావని అడిగాను.
"మనింటిదేగా, పట్టుకుపోదాం" అంది.

జాజికాయలు ఏరిన డబ్బు కలిపినా
నలభై డాలర్లు తక్కువ.
చేప పోయింది. ఇంటినుంచి రొట్టె వచ్చింది.
అడుగున ఒక్క అంకెని మాత్రం
నన్ను ముట్టుకోనివ్వలేదు:
పొద్దున్నే మేం వదిలొచ్చే పక్క
సర్దబోయే మనిషికి
ఇరవై.

"అయినా" అంది, పెన్సిల్ చెవి వెనక దోపుకుంటూ,
"ఆ ఒక్కరోజూ
నేను దుప్పటి మడవను."