బీరువాకు అటూ ఇటూ

గుంటూరు యార్డుకి మిరప బస్తాలు మోసే ఐషర్ అది,
ఎంత కడిగినా ఘాటు పోలేదు.
సామాను ఎక్కిస్తుంటే మేమూ తుమ్మాం,
పరుపులు కూడా తుమ్మినట్టే ఉంది.
ఏడుద్దామని వచ్చిన పక్కింటోళ్ళకి
మంచి సాకు దొరికింది.

లారీ మా మరిది నాగూరువలిది.
"డీజిలు కూడా నాదే వదినా" అన్నాడు,
వాళ్ళన్న సంగతి ఎత్తకుండా.
మూడేళ్ళుగా ఎర్రగొండపాలెంలో ఎవరూ ఎత్తని సంగతి అది,
ఎత్తితే దించుకోడానికి చోటు లేనిది.

మా అన్న బాజీ మార్కాపురం నుంచి పొద్దున్నే దిగాడు,
భుజాన రెండు చాంతాళ్ళు.
పంచాయితీ రోజున ఈ ఇద్దరే
మసీదు గోడ పక్కన చొక్కాలు పట్టుకుంది.
ఆనాటి నుంచి ఒకడున్న వీధిలో ఇంకొకడు నడవడు.
కానీ బీరువా ఒక్కడికి లేవదు.

అటు మా అన్న. ఇటు మా మరిది.
నడుమ నా పెళ్ళినాటి ఇనప బీరువా వెల్లకిలా,
దాని అద్దంలో ముందు దూలాలు, తర్వాత ఆకాశం.
గడప దగ్గర ఇరుక్కుంది.
"నీ వైపు కాస్త దించు."
"కాలు చూసుకో."
మూడేళ్ళ తర్వాత మొదటి మాటలు అవే.
ఉప్పు జాడీకి గుడ్డ కడతా వంటింట్లోంచి విన్నాను,
ముడి రెండుసార్లు జారింది.

అత్త దస్తగిరమ్మని ఎవరూ రమ్మనలేదు.
తనే ఎక్కి నా పక్కన కూర్చుంది.
"పాలు పొంగిచ్చేటప్పుడు పెద్దది ఒకతుండాల" అంది.
కొడుకు వైపో నా వైపో చెప్పకుండా
దారంతా ఒళ్ళో కల్వం పెట్టుకుంది.

కనిగిరిలో పొద్దు గూకింది.
పామూరు. దుత్తలూరు.
ఉదయగిరి కొండ నల్లగా పండుకోనుంది.
వెనక పరుపుల మీద మా అన్న, నా కూతురు జరీనా.
టీ కాడ ఆగితే అది దిగొచ్చి చెప్పింది:
"అమ్మా, మామ చుక్కలకి పేర్లు పెడతన్నాడు,
అన్నీ ఆయనకి అప్పిచ్చినోళ్ళ పేర్లే!"
నాగూరువలికి నవ్వాగలేదు.
నవ్వుతానే ఒక గ్లాసు
తీసుకెళ్ళి మా అన్న చేతిలో పెట్టాడు.

ఆత్మకూరు దగ్గర అత్త
ఏఎస్ పేట ఎటని అడిగి, ఆ చీకటి వైపు కొంగు పట్టింది.
ఏం కోరుకుందో నేనడగలేదు.
కోవూరు దాటి పెన్న మీదికొచ్చాక
"ఇన్ని నీళ్ళు మన పాలెంలో ఉంటే..." అన్నాడు నాగూరువలి,
అని, గేరు మార్చాడు.

ముత్తుకూరు చేరేసరికి తెల్లారుతోంది.
రొయ్యల ప్లాంటు మొదటి షిఫ్టు ఆడోళ్ళు
క్యారియర్లతో బస్సు కోసం నిలబడున్నారు.
సోమారం నుంచి నేనూ వాళ్ళలో ఒకతిని.
ఉప్పు గాలి, చేపల నీచు,
వాటి మీద మా లారీ ఘాటు.
వాళ్ళలో ఎవరో తుమ్మారు.
ఊరు పలకరించినట్టే అనిపించింది.

బీరువా మళ్ళీ దించాలి.
ఈసారి మాటలు అక్కర్లేకపోయాయి.

పాలు కుడి పక్కకి పొంగినయ్.
అత్త కొళాయి నీళ్ళు పుక్కిట పట్టి, మింగి,
"చప్పగుండయ్యే" అంది.
తర్వాత జరీనాని దగ్గరికి లాగి, పెదవి పైకెత్తి
ఆ గోధుమరంగు చారల పళ్ళు చూసింది,
సంతలో కోడెదూడని చూసినట్టు.
"ఈ నీళ్ళకి తెల్లబడతయ్యా ఇవి?"
ఎవరం జవాబు చెప్పలేదు.
ఇంకో గ్లాసు పట్టి పిల్లచేత తాగించింది.

మధ్యాహ్నం ఖాళీ లారీ తిప్పుకున్నారు.
అత్త నడుమ కూర్చుంది.
మా అన్న కూడా అందులోనే, మార్కాపురం దాకా.
చాంతాడొకటి మర్చిపోయారని వెనకనే పరిగెత్తి కేకేశాను.
దుమ్ములోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఊపింది,
"ఉండనీ, దండేనికి" అని గొంతొకటి.
అన్నదో మరిదిదో,
ఇంజను మోతలో పోల్చుకోలేకపోయాను.