ఎన్ని చుట్లు

ఎస్‌జేపీ రోడ్డులో ముప్పయ్యొక్క ఏళ్లు
కాలిన మోటార్లకు రాగితీగ చుట్టినవాణ్ణి.
కుడిచేత్తో హ్యాండిలు తిప్పుతూ
ఎడమ బొటనవేలితో తీగ బిగువు చూస్తూ
నోట్లో లెక్క: మూడొందల యాభై, మూడొందల అరవై.
వక్క నములుతున్నా ఆ లెక్క తప్పేది కాదు.

పోయిన కార్తీకంలో ఒక పొద్దున
అంగడి షట్టరు సగం ఎత్తి ఆగిపోతిని.
మూడు వారాలకు నడక వచ్చింది, మాట వచ్చింది.
గండం గడిచిందన్నారు అందరూ.
గడిచినాక మొదలైంది అసలుది.

ఎడమచేతి మీద చొక్కా పడితే
కాగే వార్నీషులో ముంచినట్టు.
ఫ్యాను గాలికి రంపం పెట్టినట్టు.
కుళాయి కింద చన్నీళ్లు నిప్పులు.
పైకి చూస్తే బొబ్బ లేదు, వాపు లేదు,
మాటవరసకు ఎర్రగా కూడా లేదు.
చూపించడానికి గాయం లేని మనిషిని
ఎంతకాలం నమ్ముతారు?
మనవరాలు ఆ పక్కకొస్తే "రావద్దు" అని అరిస్తిని ఒకసారి.
అప్పట్నుంచి అది కుడిపక్కకే వస్తాది. నేర్చుకుంది.

డాక్టరమ్మ చెప్పింది:
చేతిలో ఏమీ లేదు, నొప్పి తలలో తయారవతా ఉంది.
యశోదమ్మకు కోపమొచ్చింది,
"అంటే మా ఆయన వేషాలేస్తున్నాడా?"
హొసూరు రోడ్డు సిగ్నల్లో, ఆటోలో, నేనే చెప్తిని ఆమెకు:
బోరు నీళ్లు పోయదు. రైతు పైపు మారుస్తాడు, వాల్వు మారుస్తాడు.
లోపల ఒక చుట్టు కాలి పక్కచుట్టుకు అంటుకుంది, అంతే.
పైపుకేం తెలుసు పాపం.
నా చెయ్యి పైపు.

రెండో అంతస్తు, ఏసీ గది.
కొడగు పిల్ల, పేరు దేచమ్మ.
చెవిపోగులు తీయించి, తలకు రబ్బరు టోపీ తొడిగి
పెన్నుతో గీతలు గీసింది,
మా ఫయాజు స్లాట్ల మీద చాక్‌పీసు గుర్తులు పెట్టినట్టు.
అప్పుడు తెచ్చింది: నల్లని ప్లాస్టిక్కులో ఎనిమిది అంకె.
చూస్తూనే తెలిసిపోయింది. కాయిలు!
రెండు గుండ్రాలు, మధ్యలో కలిసేచోట జోరెక్కువ.
"ఎన్ని చుట్లు పాపా దీనికి?"
"ఎవరూ అడగలేదు అంకుల్, కంపెనీకి రాయాల" అని నవ్వింది.

టక్. నెత్తిన మొట్టికాయ.
కొంచెం జరిపింది. టక్.
ఇంకొంచెం. టక్ —
నా ఎడమ బొటనవేలు ఎగిరింది.
నేను ఎగరమనలేదు.
సూది లేదు, తీగ తగల్లేదు,
ఎముకకు ఇవతల కాయిలు, అవతల నేను,
ట్రాన్స్‌ఫార్మరులో రెండు చుట్లు
ముట్టుకోకుండానే మాట్లాడుకున్నట్టు.
"నొప్పా అంకుల్? కళ్లల్లో నీళ్లు?"
"కాదమ్మా. కనెక్షను ఉంది."

పది రోజులు. చెవుల్లో దూది.
టకటకటక, ఆగడం, టకటకటక. రోజుకు ముప్పై విడతలు.
ఒకనాడు ఇరవైతొమ్మిదికే లేపితే
ఇంకొకటి బాకీ ఉందని కూర్చుంటిని.
కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు,
తగ్గినా నిలుస్తుందని రాసివ్వలేనని డాక్టరమ్మ ముందే చెప్పింది.
నేను మాత్రం? మూడు నెలలకు మించి
ఎవరికైనా రాసిస్తినా?

నాలుగో రోజు ఏమీ లేదు.
ఆరో రోజు తలనొప్పి.
తొమ్మిదో రోజు సాయంత్రం సిల్క్‌బోర్డు దగ్గర వాన.
ఆటో సందులోంచి జల్లు ఎడమ మోచేతి మీద పడింది.
పళ్లు బిగించి కాచుకుంటిని.
వచ్చింది నిప్పు. వచ్చింది గానీ
పొయ్యి పక్కగదిలో ఉన్నట్టు వచ్చింది.
పదికి తొమ్మిదంటా ఉన్నది
ఆరంటే అబద్ధం కాదు.
యశోదమ్మకు చెప్పలేదు. దిష్టని కాదు,
టెస్టింగు బోర్డు మీద గంట తిరగనిదే
మోటారు ఇచ్చేవాణ్ణి కాదు నేను.

మూడు వారాలైంది. రాత్రిళ్లు మళ్లీ కొంచెం ఎక్కుతాంది.
నెలకొకసారి రమ్మన్నారు, పోతా.
నిన్న నిండుచేతుల చొక్కా వేసుకుంటిని,
మణికట్టు దగ్గర గుండీ పెట్టకుండా.
కంపెనీ ఇంకా జవాబు రాయలేదంట.
నా అంచనా పద్దెనిమిది.
ఇటు తొమ్మిది, అటు తొమ్మిది.