ఖాళీగా వదిలిన గడి

తార్తులో నవంబరు. నాలుగు కాకముందే చీకటి.
గుమ్మంలో బూట్ల మంచు దులుపుకుని
విర్వె లోపలికొచ్చింది, డెబ్బై రెండేళ్ళ మనిషి.
విత్తనాల పరీక్షశాలలో ముప్పై ఏడేళ్ళు
మొలకలు లెక్కపెట్టి రిటైరైంది.

వినికిడి యంత్రాలు, గడ్డం మిషన్లు,
మాట్లాడ్డం మానేసిన బొమ్మలు
బాగుచేసేదాన్ని నేను.
ఉన్ని టోపీలోంచి తీసి మూడు వస్తువులు
నా బల్లమీద వరసగా పెట్టింది.
"మూడూ వైబ్రేటర్లే" అంది,
మూడు రకాల రై గింజల పేర్లు చెప్పినట్టు.
నా చెవులు వేడెక్కాయి.
ఆవిడవి కాదు.

నోటుబుక్కు తెరిచింది. పెన్సిలు గీతలు.
తారీఖు, నడిచిన నిమిషాలు, గదిలో చలి ఎంత,
సొరుగులో ఊరికే ఉన్న రోజులెన్ని.
చివర ఇంకో గడి. పైన పేరు లేదు, లోపల అంకె లేదు.

ఎర్రది విప్పాను. పాత మోడలు, లావు.
రెండు నికెల్ బ్యాటరీలు వెన్నుకు వెన్ను ఆనించుకుని,
ఒక్కోటీ ఒకటింబావు వోల్టుకి కాస్త తక్కువ.
ఇది అలసిపోతే తెలుస్తుంది.
గొంతు సన్నబడుతుంది, చివర్న తేనెటీగ,
ఆ తర్వాత దోమ, ఆ తర్వాత ఏమీ లేదు.
వాడినా వాడకున్నా
భరిణెలో కర్పూరంలా హరించుకుపోతుంది.
చెల్లెలింటికెళ్ళి రెండు నెలలకి తిరిగొచ్చిన రోజు ఎదురుగా
సున్నా చుట్టి ఉంది, గట్టిగా నొక్కి.

నీలంది లిథియం. చూపుడువేలంత ఉక్కు డబ్బా.
మూడుముప్పావు వోల్టుల దగ్గర దిట్టంగా నిలబడుతుంది,
చిట్టచివరి దాకా అదే జోరు,
అప్పుడు లోపలి కాపలా సర్క్యూట్
చెప్పాపెట్టకుండా తలుపేస్తుంది.
ఆవిడ రాసుకుంది: నలభై ఏడో నిమిషం. మాట మధ్యలో.
నవ్వాపుకోలేకపోయాను. ఆవిడా ఆపుకోలేదు.

మూడోది చూడగానే నవ్వు పోయింది.
పలచటి సంచిలో పాలిమర్ లిథియం,
ఏ వంపులోనైనా ఇమిడిపోయే సుకుమారం.
ఏడాదిగా ఛార్జర్‌కే తగిలించి ఉంచిందట.
లోపల పూరీలా పొంగి సిలికాన్ని నెడుతోంది.
మూతకి మర లేదు, అతుకే. కోస్తే గాని రాదు.
చేసినవాడు దాని చావుని కూడా లోపలే పెట్టి అతికించాడు.
ఇసక బకెట్లో పడుకోబెట్టి
చేతులు కడుక్కొచ్చాను.

"ఏది మంచిది?"
నేను మొదలుపెట్టాను: ఎన్నిసార్లు నింపొచ్చు, ఎంత బరువు,
లిథియమైతే సగం నింపి దాచాలి,
నిండుకుండగా వద్దు, వట్టికుండగా వద్దు...
చెయ్యెత్తి ఆపింది.
"వందకి వంద మొలిచేదే మంచిదని రిపోర్టులో రాసేదాన్ని.
నా పెరట్లోకి మాత్రం
ఎనభై మొలిచి మంచుకి ఆగేది తెచ్చుకునేదాన్ని.
ఎర్రదాంట్లో కొత్తవి వెయ్యి."

కర్పూరం సంగతి మళ్ళీ గుర్తుచేశాను.
నెమ్మదిగా హరించే కొత్తరకం నికెల్ ఉందిగాని, అదైనా హరిస్తుంది.
"హరించనీ. నెలకోసారి నింపుకోలేనా?
ముగింపు నేను చెప్పాలి,
సర్క్యూట్ కాదు."

తీగలు అతికేటప్పుడు
సీసం పొగ మా ఇద్దరి మధ్య కాసేపు నిలబడింది.
"ఆ చివరి గడి దేనికి?" అన్నాను, తల ఎత్తకుండా.
"అది నీకు కాదు" అని నోటుబుక్కు మూసి
కళ్ళద్దాలు తుడుచుకుంది.

మీట నొక్కితే బల్లమీది మరమేకులు
గలగలమంటూ అంచుదాకా నడిచాయి.
ఏరుకుంటూ బిల్లు రాశాను:
చిన్న మోటారు వస్తువు, రెండు బ్యాటరీలు, పద్నాలుగు యూరోలు.
తిప్పి నావైపే తోసింది.
"పేరు రాయమ్మా. అన్ని వస్తువులకీ రాస్తావుగా."

రాశాను.
కింది కాగితం మీద కూడా పడాలని
పెన్ను గట్టిగా ఒత్తి.