నైఫ్‌లో పలకని అక్షరం

గ్రిమ్స్‌బీ రేవులో చేపలు కోసే షెడ్డు పైన
మంగళవారం సాయంత్రం ఆరింటికి ఇంగ్లీషు.
చేతులు ఎంత తోముకున్నా
నోటు పుస్తకాలకు హ్యాడక్ వాసన.

థెల్మా టీచరు బోర్డు మీద కత్తి పేరు రాస్తుంది.
"మొదటి అక్షరాన్ని చూడండి. పలక్కండి."
రోజుకు ఎనిమిది గంటలు కత్తి పట్టే హబ్తోమ్
చెయ్యెత్తుతాడు:
పలకనిదాన్ని మోయడం ఎందుకు?
ఒకప్పుడు పలికేవారట.
నోళ్ళు మానేశాయి, రాత మానలేదు.
వెనక బెంచీలో నాకు
పాత పద్యాల్లో అరసున్నలు గుర్తొస్తాయి.

తర్వాత నాలుక పాఠం.
కొన పళ్ళ మధ్య పెట్టి ఊదాలి.
త కాదు, థ కాదు, స కాదు,
ఏ గుణింతానికీ లొంగని గాలి.
పగలంతా చలిగదిలో పనిచేసిన పదకొండుమందిమి
నాలుకలు బయటపెట్టి
ఒకర్నొకరు వెక్కిరించుకుంటున్నట్టు కూర్చుంటాం.
హ మాత్రం గట్టిగా వినబడాలంటుంది టీచరు,
అంటూనే హ్యాడక్‌ని యాడక్ చేస్తుంది.
ఈ రేవు రేవంతా హని ముళ్ళతో సహా మింగేసింది,
పుస్తకానికి ఇంకా కబురు అందలేదు.

జింత్ర వాళ్ళ లాత్వియన్‌లో 'ఏ' లేదు, 'ది' లేదు.
మొదటిసారి కనబడితే ఏ ఫిష్,
అదే మళ్ళీ కనబడితే ది ఫిష్.
"బెల్టు మీద నిమిషానికి నలభై వస్తాయి,
ఒక్కటీ రెండోసారి రాదు" అంటుంది జింత్ర.
ఏ చేప? నా భాషలో అది ప్రశ్న.
నవ్వుతాం. థెల్మా కూడా.

ఇవాళ కొత్త కాలం.
ఎప్పుడో మొదలై ఇంకా తెగని పనికి 'హాజ్' పెట్టాలి,
తెగిపోతే తీసెయ్యాలి.
తలా ఒక వాక్యం.
హబ్తోమ్ చెల్లెలు నాలుగేళ్ళుగా కసలాలో ఉంటోంది. కరెక్ట్.
జింత్ర లేచి నిలబడింది.
మై హజ్బెండ్ హాజ్ వర్క్‌డ్ హియర్, పన్నెండేళ్ళు.

కింద పదిహేడో లాకరు మీద
ఆయన పేరు ఇంకా ఉంది.
ఫిబ్రవరి నుంచి ఎవరమూ పైకి చదవం.

థెల్మా మార్కర్ మూత తీసింది.
పోయినవాళ్ళకి హాజ్ చెల్లదు,
ముప్ఫై ఒకటో పేజీలో డబ్బా కట్టి మరీ ఉంది.
కిటికీ అవతల ఐసు లారీ ఒకటి
వెనక్కి వస్తూ కూత పెడుతోంది.
అది ఆగేదాకా నిలబడి
మూత పెట్టేసింది.

"నెక్స్ట్."

నెక్స్ట్ నేనే.
బస్సులో వల్లించుకుంటూ వచ్చిన వాక్యం
ఎక్కడ పెట్టానో గుర్తు రావడం లేదు.