కోట్ల గది

ముప్పై ఒక్క చలికాలాలుగా
దౌగవా నది ఒడ్డున, పాత ధాన్యపు గిడ్డంగిలో
కోటు పుచ్చుకుని ఇత్తడి బిళ్ళ ఇస్తాను,
బిళ్ళ పుచ్చుకుని కోటు ఇస్తాను.
కచేరీ నేనెన్నడూ చూడలేదు.
విన్నాను. అదీ గోడ అవతల్నించి,
తడిసిన ఉన్ని వాసనలో నిలబడి.

గోడ దాటి వచ్చేది మంద్రం ఒక్కటే.
పై స్వరాలన్నీ ఇటుకల్లోనే ఇంకిపోతాయి.
రీగాలో జరిగిన ఎన్ని పాటలకో
పునాదులు తెలుసు నాకు,
ఇళ్ళెలా ఉంటాయో తెలీదు.

అయినా అడుగుతారు,
"వెల్గా, అన్నిట్లో ఏది గొప్ప?" అని.
చప్పట్లను నమ్మను నేను.
మొహమాటానికీ కొడతారు, చేతులు వెచ్చబడ్డానికీ కొడతారు.
నేను వినేది మెట్ల మీది కాళ్ళని.
కచేరీ తేలిపోతే
ఆఖరి స్వరం ఆరకముందే బూట్ల దడదడ,
అందరికీ ఒకేసారి
ఆఖరి ట్రామ్ గుర్తొస్తుంది.
ఒకాయన బిళ్ళ బల్లమీద గిరాటేసి
"పళ్ళ డాక్టరే నయం, మత్తిస్తాడు" అన్నాడు.

అధ్వాన్నమంటే ఆ ఫిబ్రవరిదే.
దూరదేశపు గాయకుడు. నాలుగు లారీల దీపాలు.
పొగ యంత్రం తిన్నగా నా గదిలోకి ఊదింది,
మూడొందల కోట్లకి కాలిన పంచదార కంపు.
గంటన్నర ఆలస్యంగా వచ్చి
మా ఊరిని పక్క దేశపు ఊరి పేరుతో పిలిచాడు.
పోనీలే అనుకున్నారు.
మధ్యలో దాహమేసి
సీసా ఎత్తి నీళ్ళు తాగాడట,
గొంతులో నీళ్ళు దిగుతుంటే
పాట మాత్రం ఆగకుండా సాగుతోందట.
ఎవరో నవ్వారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఆ రాత్రి ఒక్కరూ నా కళ్ళలోకి చూడలేదు.
మోసం చేసినవాడు వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోతే
సిగ్గు మాత్రం ముందు గుమ్మంలో వరసకట్టింది.
బుగ్గమీద అతని పేరు రాసుకున్న పిల్లొకతె
చేతిరుమాలు అడిగి, ఉమ్మితో తడిపి
రుద్దుకుంది, రుద్దుకుంది.
రంగు పోలేదు, బుగ్గ కందిపోయింది.

మంచివి చాలానే జరిగాయి. గుర్తులేవు.
మంచి నిద్ర గురించి
పొద్దున్నే ఏం చెబుతాం?

ఒక్కటుంది.
మంచు తుఫాను. బాయిలర్ చచ్చిపోయింది.
వచ్చినవాళ్ళు నలభైమంది, వాయించేది ఒక్కడే,
ఓయార్స్ అనే ముసలాయన, వేళ్ళు కత్తిరించిన చేతితొడుగులు.
పావుగంటైనా కాలేదు, మెట్ల మీద కాళ్ళు!
అయ్యో, అప్పుడేనా అనుకున్నాను.
బిళ్ళలిచ్చారు, కోట్లు తొడుక్కున్నారు,
తొడుక్కుని
మళ్ళీ లోపలికే వెళ్ళిపోయారు.

ఖాళీ కొక్కేలు. కాపలాకి ఏమీ లేదు.
పదకొండేళ్ళుగా ఎవరూ తిరిగి అడగని
ఒక మగవాడి ఓవర్‌కోటు మాత్రం మిగిలింది.
అది తొడుక్కుని నేనూ వెళ్ళాను.
జేబులో రాయైపోయిన చాక్లెట్టు.
వెనక వరసలో కూచుని బుగ్గన పెట్టుకున్నాను.

బాగా వాయించాడో లేదో నాకెలా తెలుస్తుంది?
చలికి తీగలు సడలిపోతుంటే
మాటిమాటికీ ఆగి, క్షమించమని, శ్రుతి చూసుకున్నాడు.
కమాను పైకి పోతుంటే
స్వరం సన్నబడి, ఇంకా సన్నబడి,
ఇక తెగుతుందనుకున్నచోట తెగలేదు.
ఓహో, ఇన్నాళ్ళూ గోడ తినేసింది దీన్నా!
నలభై నోళ్ళ ఆవిరి ఒక్కటై
దీపాల దాకా లేచింది.
చాక్లెట్టు ఎప్పుడు కరిగిందో.

మర్నాడు బాయిలర్ బాగుచేశారు.
లెక్క చూస్తే ఎనభై ఎనిమిదో బిళ్ళ లేదు,
ఆ హడావిడిలో ఎవరో ఇవ్వకుండానే కోటు పట్టుకెళ్ళారు.

మే నెలలో ఒకావిడ వచ్చింది, పలచని గౌను, కోటు లేదు.
బిళ్ళ బల్లమీద పెట్టి
కాసేపు దాని మీంచి వేలు తీయలేదు.
ఉంచుకోమని అనాలనిపించింది.
లెక్క లెక్కే కదా, తీసుకున్నాను.

ఎనభై ఎనిమిదో కొక్కేనికి తగిలించాను.
ఆ నంబరు ఇక ఎవరికీ ఇవ్వను.
అవతల మంద్రం మొదలైనప్పుడల్లా
ఇత్తడి, గోడకు తగిలి, సన్నగా వణుకుతుంది.