చోటు లేని మెనూ

టోర్స్‌హావ్న్‌లో జూన్ నెల, రాత్రి పదకొండున్నర.
కిటికీ బయట ఇంకా వెలుతురే,
పని ఎగ్గొట్టడానికి సాకు దొరకని వెలుతురు.

త్రోందుర్ ఒక పరికరం రాశాడు.
అది ఏ వెబ్‌సైటు తలుపైనా తట్టి
నీ దగ్గరున్న మెనూలన్నీ చెప్పమంటుంది.
సైటు చెబుతుంది. అంతే పని.
రాయడానికి పదకొండు రోజులు పట్టింది అతనికి.
ఎలా వాడాలో కూడా రాసిపెట్టమంటే
"చూస్తే తెలుస్తుందిగా" అని
గొర్రెల ఉన్ని కత్తిరించడానికి వాళ్ళ ఊరెళ్ళిపోయాడు.
చూస్తే తెలియదు. అందుకే నేనున్నాను, నాకో జీతముంది.

మొదటి వాక్యం మూడుసార్లు రాశాను.
ఈ పిలుపు మెనూల జాబితాను తిరిగి ఇస్తుంది.
తిరిగి ఇవ్వడమేమిటి,
మనం ముందు ఇచ్చిందేముందని?
కొట్టేసి, "చూపుతుంది" అని పెట్టాను.

తర్వాత వరసలు.
ఏది దేని కింద, ఏది దేని పక్కన, ఎన్నో మెట్టున.
వావి వరసలు ఎరిగిన పరికరం,
చావింట్లో కూడా ఎవరు ఎవరికేమవుతారో
వేలు చూపి చెప్పే మా మేనత్త సున్నేవా లాగా.
ఒకచోట "తల్లి: సున్నా" అని వస్తుంది.
దానికి వివరణ రాయాలి.
తల్లి లేదని కాదు,
పైన ఎవరూ లేరని, వరస తనతోనే మొదలని.
రాసి, కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.
కాఫీ చల్లారింది.

ఉదాహరణ కావాలి కదా.
పడవల కంపెనీ సైటు మీద నడిపాను.
మూడు మెనూలొచ్చాయి.
పైది: వేళలు, టికెట్లు, వాహనాలు, కుక్కలతో ప్రయాణం.
కిందిది: ఫిర్యాదులు, పోయిన వస్తువులు.
మూడోదానికి చోటే లేదు.
ఏ పేజీకీ తగిలించని మెనూ, పేరు "తాత్కాలికం".
లోపల ఒక్కటే అంశం:
స్కార్వోయ్ రేవు, శీతాకాలపు వేళలు.

నొక్కితే పేజీ దొరకలేదంది.
స్కార్వోయ్‌కి పడవ ఆగిపోయి తొమ్మిదేళ్ళు.
ఆఖరున ఆ దీవిలో మిగిలింది ఇద్దరు,
ఇద్దరికీ మాటల్లేవనేవారు.
ఒకే పడవలో, చెరో కొసన కూర్చుని వచ్చేశారు.

పొద్దున్నే త్రోందుర్‌కి ఫోన్ చేశాను. వెనక గొర్రెల అరుపులు.
"తప్పేం కాదది. కనబడుతోందా అని అడగదు,
ఉందా అని అడుగుతుంది."
ఆ మాటని అలాగే పత్రంలోకి ఎక్కించాను,
గొర్రెల్ని మాత్రం తీసేసి.

రేవు ఆఫీసు తెరిచాక ఇంకో ఫోన్.
సైటు చూసేది హాన్నస్ పెద్దాయన,
మాటకీ మాటకీ మధ్య ముక్కుపొడుం పీల్చే మనిషి.
"పేజీలోంచి తియ్యమన్నారు, తీశాను.
జాబితాలోంచి తియ్యమని ఎవరన్నారు?"
కాస్త ఆగి,
"ఆ వేళలు నేనే కట్టాను, పోటు చూసి, పాటు చూసి.
గాలి దక్షిణానికి తిరిగితే గురువారం పడవ లేదు.
మళ్ళీ ఎవడు కడతాడమ్మా అదంతా?"

మా పద్ధతుల పుస్తకం ప్రకారం
ఉదాహరణల్లో ఉత్తుత్తి పేర్లే ఉండాలి.
హోమ్, మా గురించి, సంప్రదించండి.
ఎవరి గురించీ కాని "మా గురించి".
రెండు ఉదాహరణలు అలాగే నింపాను.
మూడోదాని పేరు మార్చడానికి చెయ్యి రాలేదు.

సాయంత్రం త్రోందుర్ చదివి పక్కన రాశాడు:
ఈ మూడోది అవసరమా?
అవసరమే అన్నాను.
చోటు లేని మెనూ కూడా వస్తుందని
వాడేవాళ్ళకి తెలియాలి కదా.
అబద్ధమేం కాదు.

చివర గమనికలు.
ఖాళీ జాబితా వస్తే అది పొరపాటు కాదు.
ఈ పరికరం దేన్నీ మార్చదు.
దేన్నీ తుడిచెయ్యదు, అందుకు వేరే పిలుపుంది.
దాని పత్రం ఇంకా ఎవరూ రాయలేదు.
నన్నే రాయమంటారు.
వచ్చే వారం చూద్దామంటాను.